దగ్గు వినపడిన ఇల్లు

ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే జీవరాజు పొద్దున్నే మొదలుపెట్టేవాడు. భార్య కాంతమణి మంచం ఎత్తి పెరట్లో కట్టెల వెనక నిలబెట్టేవాడు. ఆమె ఉమ్మే డబ్బాలో సున్నం చల్లి గోడ అవతల పెట్టేవాడు. మందు సీసాలు గోనెసంచిలో కట్టి అటక మీదికి తోసేవాడు. గదిలో సాంబ్రాణి పొగ వేసేవాడు. ఆ పొగ లేవక ముందే కాంతమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సందు దాటి, ఎదురింటి జైనబ్ బీ దగ్గరికి పోయి లోపలి గదిలో కూర్చునేది. దగ్గు వస్తే దిండు నోటికి అదుముకుని దగ్గేది. కొనేవాడు చూసి వెళ్లిపోయాక జైనబ్ బీ తలుపు చాటునుంచి తొంగి చూసి, "పోయిండు, ఇగ దగ్గు అక్కా, కడుపు నిండ దగ్గు" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వుతో మళ్లీ దగ్గు.

ఛాతీ రోగం ఉన్న ఇల్లు ఎవడూ కొనడు. ఉచితంగా ఇచ్చినా గడప తొక్కడు.

పోలీసు యాక్షన్ అయి అప్పటికి రెండు మూడు నెలలు. సికింద్రాబాదులో ఎటు చూసినా ఇళ్లు అమ్మేవాళ్లే కనపడుతున్నారు. రజాకార్ల గడబిడలో బెజవాడ వైపు పోయిన వాళ్లలో కొందరు అక్కడే ఉండిపోయి, ఇక్కడి ఇల్లు అమ్మిపెట్టమని కబురు చేస్తున్నారు. ఇప్పుడు సాయిబులు బొంబాయి రైలెక్కుతూ అయినకాడికి అమ్ముకుంటున్నారు. మెట్టుగూడలో ఒక్క సందులోనే ఎన్నో తలుపుల మీద సుద్దముక్కతో రాసి ఉంది, ఇల్లు అమ్మబడును అని. కొనేవాడు మాత్రం పెళ్లికొడుకులాగా నడుస్తాడు. ఒక్కో గడప దగ్గర ఆగుతాడు, పెదవి విరుస్తాడు, ముందుకు పోతాడు.

జీవరాజు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసి దిగిపోయినవాడు. ఆ ఇల్లు తన చేతులతో కట్టాడు. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా. పైన మంగళూరు పెంకు. పిల్లలు లేరు. ఉన్నది కాంతమణి, ఆ ఇల్లు. కాంతమణి చిక్కిపోతోంది. చర్చి అయ్యగారు మద్రాసు వైపు మిషను వాళ్ల క్షయ ఆసుపత్రికి రాసి, ఒక మంచం సంపాదించాడు. "క్రిస్మస్ దాకా ఆపుతామన్నారు, జీవరాజూ. ఆ లోపల రావాలి. మొదలే కొంత కట్టాలి, అదీ ఇండియా రూపాయల్లో, కల్దార్‌లో. మన నిజాం హాలీ రూపాయి అక్కడ చెల్లదు" అన్నాడు. అది అయ్యగారి తప్పు కాదు, ఆసుపత్రి తప్పూ కాదు. ఆ మంచం కోసం ఇంకెందరో కాచుకుని ఉన్నారు.

అందుకే ఇల్లు అమ్మాలి. క్రిస్మస్ లోపల అమ్మాలి.

మొదట వచ్చినవాడు మిలిటరీ స్టోరు గుమాస్తా. గదులు తిరిగి చూసి, "ఇల్లు మంచిగనే ఉన్నదా పెద్దాయనా?" అని అడిగాడు. మాట వరసకు అడిగాడు. జీవరాజు గది నడుమ నిటారుగా నిలబడ్డాడు. చేతులు ముందుకు కట్టుకున్నాడు. బుధవారం ప్రార్థన కూటంలో లేచి నిలబడి మాట్లాడే మనిషి లాగా మొదలుపెట్టాడు.

"ఆ మూల వానకు కారుతది. వంటింటి చౌకట్టుకు ఒకసారి చెదలు పట్టినయి, కిరసనాయిలు పోసిన, మళ్ల రావని చెప్పలేను. బాయి ఎండకాలం అడుగంటుతది. పెరటి గోడకు పునాది తక్కువ పెట్టిన, అది నా తప్పే."

గుమాస్తా చేతిలో గొడుగు సర్దుకున్నాడు. "చెప్తా పెద్దాయనా" అని పోయాడు. మళ్లీ రాలేదు.

కాంతమణి సందు దాటి వచ్చి సంగతి విని, వసారాలో కూలబడింది. "ఇల్లు అమ్ముతున్నవా, సాక్ష్యం చెప్తున్నవా?"

"అడిగిండు, చెప్పిన."

"బాయి సంగతి అడిగిండా? గోడ పునాది అడిగిండా?"

"అడగలే."

"మరి? పుట్టినప్పటికెళ్లి నోరు తెరవని మనిషివి, గాడ తెరిచినవా నోరు?"

నిజంగానే అతను మాటలు తక్కువ మనిషి. కానీ ఎవరైనా సూటిగా ఒక మాట అడిగితే లోపల ఏదో లేచి నిలబడేది. చిన్నప్పుడు మిషను బడిలో చదివిన కొద్ది రోజుల్లో అతనికి వంటబట్టింది అదొక్కటే.

రెండోవాడు ధర సగానికి అడిగాడు. జీవరాజుకు మండిపోయింది. "ఒక్కొక్క పెంకు నేను మోసిన. తలుపులకు టేకు చెక్క నేను కోసిన. నీకు కండ్లు లేవా?" అన్నాడు. ఆ మనిషి, "కండ్లు ఉన్నయి, ఎదురుగ ఇంక నాలుగిండ్లు అమ్మకానికి కనపడుతున్నయి" అని నవ్వుతూ పోయాడు.

ఆ రోజు కాంతమణి కోపం చేయలేదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె చేయి వేడిగా కాలుతోంది.

"చూడు. నువ్వు మోసిన పెంకుకు ఎవడు పైసలియ్యడు. నీ కష్టం నీకు తెలుసు, దేవునికి తెలుసు. కొనేటోనికి అది ఉత్త ఇల్లు. ఇవాళ్టికెళ్లి ఇది మనది అనుకునుడు బంద్ చెయ్యి. దుకాణంల బియ్యం మూట లెక్క చూడు."

"గట్ల ఎట్ల చూస్త?"

"చూడాలె. ఇంకోటి, నీ మొఖం. మనిషి ఇంట్లకు అడుగు పెట్టంగనే నీ మొఖం చూస్తే మనం మునిగిపోతున్నమని తెలుస్తది. మునిగేటోని దగ్గర ఎవడు సగం కంటే ఎక్కువ ఇయ్యడు. జెర నవ్వు. నవ్వరాకుంటే పండ్లన్న కనపడనియ్యి. ధర అడిగితె ముందుగల వాన్నే చెప్పుమను. తక్కువ చెప్పినా కోపం చెయ్యకు. అడిగిందానికే చెప్పు. అడగనిది చెప్పకు. నీకు దండం పెడ్త, అడగనిది చెప్పకు."

ఆ రాత్రి ఆమె దగ్గుతుంటే జీవరాజు చీకట్లో నవ్వడం నేర్చుకున్నాడు. పెదవులు చెవుల వైపు లాగి చూసుకున్నాడు. అది నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు.

ఆ వారంలో ఎదురింటి గౌస్ సాబ్ తలుపు మీద కూడా సుద్దరాత పడింది. జైనబ్ బీ భర్త గౌస్ సాబ్ సర్కారు కచేరీలో గుమాస్తా. యాక్షన్ తర్వాత ఉద్యోగం పోయింది. కరాచీలో తమ్ముడున్నాడు. రాత రాసిన సాయంత్రమే జీవరాజు దగ్గరికొచ్చి, షేర్వానీ గుండీలు సవరించుకుంటూ నిలబడ్డాడు.

"జీవరాజు భాయ్, నేను సుత అమ్ముతున్న. మీకు అడ్డం పడినట్టయింది. షరమ్ అనిపిస్తున్నది."

"షరమ్ ఎందుకు సాబ్. పొయ్యేటోళ్లు అమ్ముకోరా?"

"నా ఇల్లు మీ ఇంటంత బాగలేదు. వెనక గది కప్పు మొన్నటి వానకు కూలిపోయింది. తక్కువకే ఇస్త. అందుకే మీకు నుక్సాన్ అయితదేమో అని..."

వెనకనుంచి జైనబ్ బీ అంది, "కాంతమణక్క ఎప్పటి తీర్గనే మా ఇంటికే రావాలె. మాకు బేరం వచ్చినా సుత. ఇంకేడికి పోతది ఈ ఒంటితోని?"

అప్పుడు ఎవరికీ తట్టలేదు, ఒకే మనిషి రెండిళ్లూ చూస్తాననవచ్చని.

ఆ మనిషి వచ్చాడు. పేరు బ్రహ్మచారి, జనరల్ బజారులో కంసాలి. అద్దె గదిలో తల్లి, భార్య, నలుగురు చిన్న పిల్లలతో ఉంటున్నాడు. నిజంగా కొనడానికే వచ్చిన మనిషి. వేళ్లతో గోడలు తట్టాడు, తలుపు మూసి తీశాడు, గడియ లాగి చూశాడు. జీవరాజు పళ్లు కనపడేలా నిలబడ్డాడు.

"గాలి మంచిగ వస్తది గద?"

"వస్తది."

"నీళ్లు?"

"బాయి ఉన్నది."

బాయి ఎండాకాలం అడుగంటుతుందని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. మేకు మింగినట్టు గొంతులో దిగింది.

"ఏం చెప్తరు?" అన్నాడు చారి.

"మీరే చెప్పుండ్రి చారిగారూ."

చారి చెప్పిన ధర సగానికి ఎక్కువ, నిండుకు తక్కువ. ఆసుపత్రికి సరిపోతుంది. జీవరాజు కోపం చేయలేదు. "జెర చూడుండ్రి" అన్నాడు. కాంతమణి నేర్పిన మాటే.

చారి గడ్డం గోక్కున్నాడు. "ఖాయం చేసేటట్టే ఉన్న. ఎదురుగ సాయిబు ఇల్లు సుత అమ్మకానికి ఉన్నదట గద? తక్కువకు ఇస్తడని విన్న. ఒక్కసారి కండ్లతోని చూసొస్త. రేపు మా అమ్మ అడుగుతది, చూడకుంట ఎట్ల కొన్నవు అని."

కాంతమణి ఆ ఇంట్లోనే ఉంది. చారి అప్పటికే సందులోకి దిగాడు.

వసారా గుంజ పట్టుకుని నిలబడ్డాడు జీవరాజు. ఎదురింట్లో గౌస్ సాబ్ గొంతు వినపడింది, మర్యాదగా, మెల్లగా, ఇది దివాన్‌ఖానా, ఇది వంటిల్లు అని. ఆడవాళ్లున్న గది దాటించే తీసుకుపోయి ఉంటాడు. కొంతసేపు ఏమీ లేదు. దేవా, ఒక్క నిమిషం, అనుకున్నాడు. ఒక్క నిమిషం ఆపు తండ్రీ.

దగ్గు మొదలైంది. ముందు దిండులో అణిగిన చప్పుడు, గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు. తర్వాత దిండు ఆపలేకపోయింది. లోపల ఏదో చిరిగిపోతున్నట్టు, ఊపిరి దొరకనంత పొడుగ్గా, సందు మొత్తానికీ వినపడింది.

చారి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. వెనకే గౌస్ సాబ్. "జెర సర్దీ చేసింది సాబ్, అంతే. మా ఇంటామెకు సర్దీ" అంటున్నాడు. అంటూ చారి భుజం మీదుగా జీవరాజు వైపు చూశాడు. ఒక్క క్షణం చూసి కళ్లు దించుకున్నాడు.

"నాకు తెల్వదా సర్దీ ఏదో, అది ఏదో" అన్నాడు చారి. విసవిసా సందు దాటి జీవరాజు వసారా ఎక్కాడు. "నా అదృష్టం బాగున్నది పెద్దాయనా. ఆ ఇంట్ల ఛాతీ రోగం ఉన్నది. చిన్న పిల్లలున్నోన్ని, నాశనమైపోదును. మీదే ఖాయం. చెయ్యి పట్టుండ్రి."

చారి రొండిన ఉన్న సంచిలోంచి ఒక వెండి రూపాయి తీశాడు. బయానా, బేరం ఖాయమని ముందుగా ఇచ్చే సొమ్ము. దాన్ని జీవరాజు అరచేతిలో పెట్టాడు. అమ్మేవాడు గుప్పిట మూస్తే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ మాట తప్పరు.

జీవరాజు చేయి తెరిచే ఉంది. రూపాయి వేడిగా ఉంది, చారి ఒంటి వేడి. ఎదురింటి గుమ్మంలో గౌస్ సాబ్ ఇంకా నిలబడే ఉన్నాడు, తలుపు మీది సుద్దరాత పక్కన. అతను ఒక్క మాట అంటే చాలు, ఆ దగ్గు నా ఇంటిది కాదు అని. అనడం లేదు.

అడగనిది చెప్పకు. చారి ఏమీ అడగలేదు.

జీవరాజు గుప్పిట మూశాడు.

సాయంత్రం కాంతమణి ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. జైనబ్ బీ ఆమెకు జరిగింది చెప్పినట్టు లేదు. కానీ ఆ సందులో గోడలు పలచన. ఆమె అంతా విన్నది.

"రూపాయి ఏది?"

చూపించాడు.

"వాడు గౌస్ సాబ్ ఇల్లు రోగం ఇల్లు అన్నప్పుడు నువ్వేమన్నవు?"

"ఏమనలే. నువ్వే చెప్పినవు గద, అడగనిది చెప్పొద్దని."

కాంతమణి మెల్లగా అంది. "నేనన్నది బాయి గురించయ్యా. గోడ గురించి. మంది మీద నింద పడుతుంటె నోరు మూసుకొమ్మనలే. రేపు పొద్దుగాల ఆ రూపాయి తిరిగి ఇచ్చి రా."

"ఇయ్య."

ఆమె తలెత్తింది. పెళ్లయిన నాటినుంచి ఆ మాట అతని నోట వినలేదు.

"ఇయ్యను మణీ. క్రిస్మస్ ఎంత దూరమున్నది? ఇంకెవడు వస్తడు? గౌస్ సాబ్‌కు కాళ్లున్నయి, చేతులున్నయి, తమ్ముడున్నడు. నువ్వు..." రూపాయి మీద గుప్పిట బిగించాడు. "నిన్ను పాతిపెట్టి ఈ ఇంట్ల కూసోవాల్నా నేను? ఈ పెంకుల కింద?"

"ఇవాళ్ల చారి పోయి బజారుల చెప్తడు. రేపటికెళ్లి ఆ ఇల్లు ఎవడు కొంటడు? ఆడపిల్లలతోని వాళ్లు ఎట్ల పోతరు? ఆమె నాకు దిండు ఇచ్చిందయ్యా. తన పిల్లలు పండుకునే దిండు."

"ఇయ్య" అన్నాడు మళ్లీ. వసారాలోకి పోయి అటు తిరిగి పడుకున్నాడు. గుప్పిట విప్పలేదు.

తెల్లారి లేచేసరికి ఆమె లేదు. సందు చివర కనపడింది, గోడలు పట్టుకుని నడుస్తూ. జనరల్ బజారు అక్కడినుంచి ఆమెకు ఈ లోకం చివర ఉన్నట్టే. జీవరాజు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు.

"ఎక్కడికే?"

"నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

"సస్తవు."

"సస్త. జరుగు."

రెండడుగులు వేసి ఒక మూసిన దుకాణం మెట్టు మీద కూలబడింది. కొంగు నోటికి పెట్టుకుంది. తీసినప్పుడు కొంగు ఎర్రగా ఉంది. మళ్లీ లేవబోయింది. అప్పుడు జీవరాజు తెలుసుకున్నాడు, ఈమె ఆగదని. రైల్వే స్టేషను వైపు పోతున్న టాంగాను ఆపాడు. ఆమెను రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టాడు. బరువే లేదు.

చారి అప్పుడే దుకాణం తెరిచి కుంపటి అంటిస్తున్నాడు. కాంతమణి లోపలికి పోలేదు. టాంగాలోనే ఉండి, కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"చారిగారూ, నిన్న మీరు విన్న దగ్గు నాది. ఈయన ఇల్లాలిని నేనే. రోగం మా ఇంట్ల ఉన్నది. గౌస్ సాబ్ ఇంట్ల లేదు. మీరొస్తున్నరని నన్ను ఆడ దాచిండ్రు."

చారి కుంపటి ఊదే గొట్టం కింద పెట్టాడు. జీవరాజు వైపు చూశాడు. "ఎంత మోసం చేసినవు! నా పిల్లలను ఆ ఇంట్ల పండబెడుదును. చర్చికి పోతవు, పెద్దమనిషివి, థూ."

జీవరాజు రూపాయిని కుంపటి పక్కన గడప మీద పెట్టాడు.

"ఎన్నో దినాలు ఆ సాయిబు ఇంట్ల కూసున్నవు గద నువ్వు?" చారి ఆమెను అడిగాడు.

"ఎవరన్న ఇల్లు చూసిపోయేదాంకనే. ఒక్క గది. ఆ గదికి సున్నం మేము కొట్టిస్తం. పాపం వాళ్లది కాదు."

చారి కుంపటిలో ఊదాడు. ఊదుతూ ఆలోచించాడు. కోపం మనిషిలో ఉంది, అవసరం కూడా ఉంది. "ఆ సాయిబు ఇల్లు నాకు కావాల్నే. తక్కువకు వస్తది. కప్పు ఒక్కటే పోయింది." జీవరాజును చూడకుండా అన్నాడు. "నీ ఇల్లు ఇగ ఎవడు కొనడు. ఇవాళ పొద్దు గూకే లోపల అందరికి తెలుస్తది. నేనే చెప్త."

"చెప్పుండ్రి" అన్నాడు జీవరాజు.

"కాని పెంకు కొంటరు."

జీవరాజుకు అర్థం కాలేదు.

"మంగళూరు పెంకు దొరుకుతలేదయ్యా. ఇండియా యూనియనోళ్లు మన రాజ్యానికి సరుకు ఆపినప్పటికెళ్లి ఒక్క బండి రాలే. ఇండ్లకు గిరాకీ లేదు, ఇండ్ల మీది కప్పుకు ఉన్నది. గడబిడల కాలిపోయినోళ్లు, కూలిపోయినోళ్లు తిరుగుతున్నరు పెంకు కోసం. నాకే కావాలె సాయిబు ఇంటికి. పెంకుకు రోగమేం అంటుతది? కొన్ని దినాలు ఎండల పెడితే సాలు. తలుపులు సుత టేకువే గద? కడిగి ఎండబెట్టుకుంటరు. విప్పి అమ్ముకో."

"నా ఇల్లు నేను విప్పాల్నా?"

అతని నోటినుంచి ఆ మాట పెద్దగా వచ్చింది. పక్క దుకాణం వాడు తల తిప్పి చూశాడు. కుంపటిలో నిప్పు రాజుకుంది.

టాంగా తిరిగి వస్తుంటే కాంతమణి అతని భుజం మీద తల వాల్చింది. "కోపమొచ్చిందా?"

అతను ముందుకే చూస్తున్నాడు. గుర్రం చెవులు, అవతల రోడ్డు మీద మిలిటరీ లారీలు, స్టేషను గడియారం. "నిచ్చెన ఎవరినడగాలె అని చూస్తున్న" అన్నాడు.

నిచ్చెన గౌస్ సాబ్ తెచ్చాడు. అడక్కుండానే తెచ్చాడు. నిన్నటి సంగతి జీవరాజు ఎత్తబోతే, "పైకెక్కు భాయ్, ఎండ ముదురుతది" అన్నాడు. షేర్వానీ విప్పి కొక్కేనికి తగిలించి, కింద నిలబడ్డాడు. పైనుంచి జీవరాజు పెంకు అందిస్తే గౌస్ సాబ్ అందుకుని గోడ వారగా పేర్చాడు. ఎన్నడూ అలాంటి పని చేసిన చేతులు కావు. వేళ్లు చీరుకుపోయాయి. జైనబ్ బీ తడిబట్టతో పెంకులు తుడిచింది. కాంతమణి పెరట్లో మంచం మీద, ఎండలో, దాగకుండా పడుకుంది.

మొదటి వరస తీస్తున్నప్పుడు జీవరాజుకు చేతులు రాలేదు. ఈ పెంకు పెట్టిన రోజు, కింద కాంతమణి గంపలో అందిస్తూ, పైకి చూసి ఏదో వెక్కిరించిన గుర్తు. ఏమందో గుర్తు లేదు. తర్వాతి వరసకు చేతులు అలవాటు పడ్డాయి. ఆపైన అది ఇల్లు కాదు, పెంకు. పగిలింది ఒక పక్కన, పగలనిది ఒక పక్కన.

మధ్యాహ్నానికి సందులో మనుషులు చేరారు. చారి చెప్పిన మాట నిజంగానే అందరికీ చేరింది. కొందరు ముక్కుకు బట్ట కట్టుకుని వచ్చారు. అయినా వచ్చారు. ఇల్లు అమ్మకానికి ఉన్నన్నాళ్లూ అటు తిరిగి చూడనివాళ్లు ఇప్పుడు ఒకరినొకరు తోసుకుంటూ పెంకు మీద వేలితో కొట్టి మోగించి చూస్తున్నారు.

"ఏందయ్యా, గింత చెప్తున్నవు? రోగం ఇంటి పెంకు గద?" అన్నాడు ఒకడు కిందనుంచి.

జీవరాజు పైనుంచే చూశాడు. పళ్లు కనపడేలా నవ్వలేదు. కోపమూ రాలేదు. "ఇంటామెకు ఛాతీ రోగం. ఎండల పెట్టుకో. వద్దంటే వదిలిపెట్టు, వెనక ఇంకోడు నిలబడ్డడు."

వాడు వెనక్కి తిరిగి చూసి, గొణుక్కుంటూ సంచి విప్పాడు.

చారి తన భాగం పెంకు బండిలో వేయించి, ఎదురింటి ముందు దింపించాడు. గౌస్ సాబ్‌కు బయానా ఇచ్చాడు. జీవరాజుతో మాట్లాడలేదు. ముందు గది తలుపులు ఒక మిలిటరీ కంట్రాక్టరు మనిషి తీసుకుపోయాడు. కిటికీలు ఇంకెవరో. పొద్దు వాలేసరికి నాలుగు గోడలు మిగిలాయి. పైన ఆకాశం, దానికి అడ్డంగా దూలాలు. గదిలో నేల మీద ఇన్నేళ్లూ పడని ఎండ పడి ఉంది, ఏటవాలుగా. ఎవరి ఇంట్లోకో వచ్చినట్టుంది.

గౌస్ సాబ్ ఇంటికి పోయాడు. కాంతమణి మంచం మీదే లేచి కూర్చుని, రూపాయలు గుడ్డలో మూటకడుతూ, హాలీవి వేరు, కల్దార్‌వి వేరు చేసింది.

"సాలుతయా?" అన్నాడు జీవరాజు.

ఆమె గుడ్డ అంచులు దగ్గరికి లాగింది.

"మణీ, సాలుతయా?"

"జెర తక్కువున్నయి."

"ఎంత జెర?"

"జెర." మూట ముడి వేసింది. "కూసో. పొద్దటికెళ్లి తిండి లేదు. జైనబ్ రొట్టెలు పంపింది."

జీవరాజు నిలబడే పైకి చూశాడు. దూలాలు కట్టెవి కావు. వర్క్‌షాపు వాళ్లు తుక్కు వేలంలో అమ్మితే కొన్న రైలు పట్టా ముక్కలు. గోడలో దిగ్గొట్టి, బోల్టులు వేసి బిగించినవి, బిగించింది తనే. ఆ ఇంట్లో అన్నిటికంటే గట్టిది అదే, ఇనుము ధరకు ఎవరైనా కొనేదీ అదే. అవి తీస్తే గోడలు నిలబడవు.

పెరట్లోకి పోయి పాత స్పానరు వెతికి తెచ్చాడు. తుప్పు పట్టింది. చీర పేలికతో తుడిచాడు.

"రేపు విప్పుదువు తీ" అంది కాంతమణి. "గోడలు మీద పడతయి. చీకటైతున్నది."

"ఇంక కనపడుతున్నది" అన్నాడు జీవరాజు. నిచ్చెన గోడకు ఆనించి, కదలకుండా ఒకసారి ఊపి చూసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.